వెనక పోర్టులో తాళం చెవి

మార్చి 17, సోమవారం

పాత కంప్యూటర్ చచ్చింది. పంతొమ్మిదేళ్లు మాతో ఉంది. మా ఆయన నాతో తొమ్మిదేళ్లే ఉన్నాడు.

కొత్తది వచ్చింది. కానీ మా కుట్టు షాపు మాస్టారి డిజైన్లన్నీ ఉన్న సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో నడవదట. అందుకని గావ్ గారు కొత్త కంప్యూటర్ కడుపులో పాత కంప్యూటర్‌ని పెట్టాడు. నిజంగా కాదు, వేషం. తెర మీద ఒక కిటికీ తెరుచుకుంటుంది, అందులో పాత విండోస్, పాత నీలం రంగు, పాత బొమ్మలు. దాన్ని వర్చువల్ మెషీన్ అంటారట. నాకు అంత నోరు తిరగదు. బయటిది, లోపలిది అంటాను.

"అంటే అత్తా కోడళ్లలాగానా?" అని అడిగాను.

గావ్ గారికి నచ్చింది. ఆయన ఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి, నవ్వడం తక్కువ. "అంతేనమ్మా బీజూ. ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా ముందు అత్త చేతిలో పడుతుంది. కోడలికి ఇవ్వమని మనం చెప్పాలి. ఈ తాళం చెవిని కోడలికే ఇవ్వమని అత్తకి చెప్పిపెట్టాను. వెనకవైపు, పై పోర్టు. అందులోంచి కదిలించకండి," అన్నాడు.

తాళం చెవి అంటే బొటనవేలి గోరంత యూఎస్‌బీ ముక్క. అది గుచ్చి ఉంటేనే ఆ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఇది పోతే ఇంకొకటి దొరకదు.

కదిలించకండి అన్నాడు. కదిలిస్తే ఏమవుతుందో చెప్పలేదు. రేపు హువాలియెన్ వెళ్తున్నాడు, మోకాలి ఆపరేషన్‌కి.

మార్చి 20, గురువారం

పొద్దున తొమ్మిదీ ఇరవైకి ముహూర్తం. మాజు అమ్మవారి పల్లకీ తెర మొదలుపెట్టాం. రెండు డ్రాగన్లు, పద్నాలుగు ముక్కలు. ఒక్కో ముక్కకీ సాఫ్ట్‌వేర్‌లోంచి ఫైలు తీసి కుట్టు మెషీన్‌కి ఇవ్వాలి. ఏప్రిల్ పన్నెండున గుడి కమిటీ చేతిలో పెట్టాలి.

షీ అమ్మ నన్నూ వాన్‌ఫానీ నిలబెట్టి చెప్పింది. "మన లుకాంగ్ ఊళ్లో సగం గుళ్లు రెడీమేడ్ తెరలకి పోయాయి. ఈ గుడి కూడా పోతే నేను షట్టరు దించేస్తా. నాకు అరవై ఎనిమిది. నాకిక ఓపిక లేదు."

మాస్టారు పోయి మూడేళ్లయింది. అప్పట్నుంచి ఆయన భార్య షీ అమ్మే యజమానురాలు. మాస్టారు పెట్టిన కట్టుబాట్లన్నీ అలాగే ఉన్నాయి. దేవుడి పని మొదలయ్యాక కుట్టు ఆపవచ్చు, స్విచ్చి ఆపకూడదు. కుట్టు మెషీన్లూ, కంప్యూటరూ తెర పూర్తయ్యేదాకా వెలుగుతూనే ఉండాలి.

రెండో మెషీన్ వాన్‌ఫాది. నాకంటే నాలుగేళ్లు పెద్ద, యాభై ఏడు. జోకు చెబితే అర్థం చేసుకుని, ఆలోచించి, తర్వాత బాధపడతాడు. కొత్త కంప్యూటర్ మీద కొత్త ఆకుపచ్చ ప్యాకెట్టు పెట్టాడు. మొక్కజొన్న చిరుతిండి. ప్యాకెట్టు మీద పేరుకి అర్థం "బుద్ధిగా ఉండు" అని. మెషీన్ దగ్గర అది ఉంటే మెషీన్ బుద్ధిగా ఉంటుంది. ఆకుపచ్చదే ఉండాలి, పచ్చ లైటులాగా. గడువు తేదీ దాటకూడదు. విప్పకూడదు.

మా పిన్ని కొడుకు ఆసుపత్రిలో పనిచేస్తాడు, అక్కడ ఊపిరి మెషీన్ల మీద కూడా పెడతారు. కాబట్టి నేను నవ్వను. వాన్‌ఫాని చూసి నవ్వుతాను, అది వేరు.

మార్చి 25, మంగళవారం

ఐదు ముక్కలు అయ్యాయి. బాగా వచ్చాయి. పని బాగా సాగుతుంటే నాకు చేతులు దురద పెడతాయి.

ఎనిమిదేళ్లుగా ఆడుతున్న ఆటే. వాన్‌ఫా మెషీన్ మీద వంగి ఉన్నప్పుడు తాళం చెవి పీకి పక్క పోర్టులో గుచ్చుతాను. తెర మీద "తాళం చెవి కనబడలేదు" అని డబ్బా వస్తుంది. వాన్‌ఫా గబుక్కున లేస్తాడు. ప్యాకెట్టు సరిచేస్తాడు. చేతులు జోడించి మూడుసార్లు వంగుతాడు. ఈలోగా పది సెకన్లు గడుస్తాయి, కంప్యూటర్ తాళం చెవిని తానే వెతుక్కుంటుంది, డబ్బా పోతుంది. ఆయన ఊపిరి పీల్చుకుని "అమ్మవారి దయ" అంటాడు. ఎనిమిదేళ్లుగా ఆ దయ నాదే.

ఇవాళ కూడా అంతే. వెనక నుంచి పీకి ముందు పోర్టులో గుచ్చాను. డబ్బా వచ్చింది. ఆయన వంగాడు. పది సెకన్లు, ఇరవై. డబ్బా పోలేదు.

ఆయన మళ్లీ వంగాడు. ఈసారి నాకు నవ్వు సగమే వచ్చింది.

"టీ తాగి రా అన్నా, నేను చూస్తాలే," అని పంపించి, తాళం చెవిని దాని చోట్లోనే, వెనక పై పోర్టులోనే, పెట్టేశాను. లోపలిది దాన్ని పట్టుకోలేదు. బయటిది ఏదో మెసేజీ చూపించింది, వెనకటి పని కాలేదు, బిజీ అని. లోపలి కిటికీ మూసి మళ్లీ తెరిచాను. అదే మాట.

సరిగ్గా దాని చోట్లోనే పెట్టాను. కాబట్టి ఇది నా వల్ల అయింది కాదు.

మార్చి 26, బుధవారం

పట్టుకోలేదు.

మార్చి 27, గురువారం

షీ అమ్మ గావ్ గారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. ఆపరేషన్ అయిందట. మాట నీరసంగా ఉంది, పద్ధతి మాత్రం మారలేదు.

"తాళం చెవి మీద లైటు వెలుగుతోందా?"

"లేదండి," అన్నాడు వాన్‌ఫా.

"బయటి కంప్యూటర్ లిస్టులో దాని పేరు ఉందా?"

"ఉందండి. పక్కన బిజీ అని ఉంది."

"ఎవరైనా దాన్ని కదిలించారా?"

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. "మా దగ్గర అలాంటి పనులు ఎవరూ చేయరండి," అంది షీ అమ్మ. నేను తల ఊపాను. ఫోన్‌కి తల ఊపడం కనబడదు.

"లోపలిదీ బయటిదీ రెండూ ఆపి, మళ్లీ వేశారా?"

షీ అమ్మ వాన్‌ఫా వైపు చూసి కళ్లతోనే వద్దంది. నోటితో "వేశామండి," అంది. లోపలి దాన్ని మాత్రమే మూసి తెరిచాం. బయటిదాన్ని ఎవరు ఆపుతారు, అమ్మవారి తెర సగంలో ఉండగా?

గావ్ గారు మా జవాబుల్ని లెక్కేసుకున్నాడు. అటువైపు ఎవరో నర్సు మందులు పంచుతున్న చప్పుడు.

"కదిలించలేదు. రెండూ ఆపి వేశారు. అయినా ఇలాగే ఉంది. అలాగైతే తాళం చెవిలో చిప్పు పోయిందమ్మా. నేను చేయగలిగింది లేదు. ఇంకేమీ ముట్టుకోకండి. నేను వచ్చేసరికి మే నెల అవుతుంది."

కదిలించి మళ్లీ పెట్టేస్తే కదిలించనట్టే కదా.

మార్చి 28, శుక్రవారం

వాన్‌ఫా ప్యాకెట్టు గడువు తేదీ చూశాడు. ఆగస్టు దాకా ఉంది. అయినా మొహం పాలిపోయింది. ఎందుకో తెలియదు.

తైచుంగ్‌లో, తైనాన్‌లో ఆ సాఫ్ట్‌వేర్ ఇంకెవరి దగ్గరైనా ఉందేమోనని షీ అమ్మ రోజంతా ఫోన్లు చేసింది. ఒకాయన దగ్గర ఉందట. తాళం చెవి లేదు, పోయిందట. "మీరు కూడా పారేసుకున్నారా?" అని ఆయన సంతోషించాడు.

నేను దారాలు రంగుల వారీగా సర్దాను. సర్దాల్సిన అవసరం లేదు.

మార్చి 31, సోమవారం

వాన్‌ఫా ఒప్పుకున్నాడు.

పొద్దున్నే షీ అమ్మ కుర్చీ ముందు నిలబడ్డాడు, టోపీ చేతిలో పట్టుకుని. "అమ్మగారూ, తప్పు నాది," అన్నాడు.

నన్ను చూశాడేమో, తన మీద వేసుకుంటున్నాడేమో అనుకున్నాను. కాదు.

"పోయిన సోమవారం సాయంత్రం ఆకలేసింది అమ్మగారూ. అన్నం డబ్బా ఇంట్లో మర్చిపోయాను. ప్యాకెట్టు విప్పి తినేశాను. మొత్తం తినేశాను. మర్నాటికే తాళం చెవి పోయింది."

షీ అమ్మ లేచి వెళ్లి కంప్యూటర్ మీది ఆకుపచ్చ ప్యాకెట్టు తీసింది. పై అంచు పిన్నులు కొట్టి ఉంది. విప్పితే లోపల కాగితం ఉండలు. పాత డిజైన్ కాగితాలు, ఒకదాని మీద డ్రాగన్ మీసం.

ఎనిమిదేళ్లలో ఇంత మంచి ఆట నేనూ ఆడలేదు. నవ్వు రావాలి.

"అమ్మవారి పని మీద పెట్టిన ప్యాకెట్టు," అంది షీ అమ్మ. తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఇంటికి వెళ్లు వాన్‌ఫా."

"రేపు రానా?"

"వద్దు."

తన కత్తెర తీసుకున్నాడు. పద్దెనిమిదేళ్లుగా వాడుతున్న కత్తెర, పిడికి గుడ్డ చుట్టి ఉంటుంది. గుమ్మంలో ఆగి నాతో, "బీజూ, నా మెషీన్ ఏడో సూది కొంచెం వంగుతుంది, చూసుకోమ్మా," అన్నాడు.

తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో నాకు తెలియదు. నేను మాత్రం ఏడో సూది చూశాను. నిజంగానే వంగి ఉంది.

ఏప్రిల్ 1, మంగళవారం

తిన్న మాట నిజమే కదా. నేను తినమనలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

షీ అమ్మ భోజనానికి పైకి వెళ్లినప్పుడు తాళం చెవి తీసి, ఊది, మళ్లీ పెట్టాను. రెండుసార్లు. బిజీ. ఏం పనుందో దానికి.

ఏప్రిల్ 3, గురువారం

గుడి కమిటీ కార్యదర్శి వచ్చాడు. షీ అమ్మ టీ పోసింది, వేరుశనగ ఉండలు పెట్టింది. ఐదు ముక్కల్నీ పరిచి చూపించింది. పెద్దాయన కళ్లద్దాలు పైకెత్తి డ్రాగన్ పొలుసుల మీద వేలు ఉంచి, "ఇది మాస్టారి చెయ్యే. ఇంకెవరూ ఇలా కుట్టరు," అన్నాడు.

"పన్నెండుకి ఇచ్చేస్తామండి," అంది షీ అమ్మ.

ఆయన వెళ్లాక టీ కప్పులు కడుగుతూ, నా వైపు తిరగకుండా చెప్పింది. "శనివారం అమ్మవారిని అడుగుతాను. వద్దంటే ఈ ఐదు ముక్కలూ ఆవిడకే ఇచ్చేసి, పని వాపసు ఇచ్చేసి, షట్టరు దించేస్తాను. నువ్వు ఎక్కడైనా పని చూసుకో బీజూ. నీ నోరు చూసి ఎవరు పెట్టుకుంటారో తెలియదు గానీ, నీ చేతులు మంచివి."

ఏప్రిల్ 4, శుక్రవారం

సమాధుల పండగ. సెలవు. నాన్న సమాధి మీద గడ్డి పీకాను, పసుపు కాగితాలు పెట్టి రాళ్లు ఉంచాను. కిందకి దిగుతుంటే వాన్‌ఫా ఎదురయ్యాడు, చేతిలో చీపురు.

"పని దొరికిందా అన్నా?"

"చేప ఉండల కొట్లో గిన్నెలు కడగడానికి రమ్మన్నారు."

"కుట్టు చేతులతో గిన్నెలా?"

"ఈ చేతులు చేసిన పనే కదమ్మా ఇదంతా," అన్నాడు. నన్ను ఓదారుస్తున్నట్టు అన్నాడు.

చెప్పవచ్చు. పక్కన ఎవరూ లేరు, సమాధులు తప్ప. "గడ్డి బాగా పెరిగింది ఈ ఏడు," అన్నాను.

ఏప్రిల్ 5, శనివారం

షీ అమ్మ వాన్‌ఫాని పిలిపించింది. తప్పు చేసినవాడే అడగాలట. షాపు వెనక గదిలో మాజు అమ్మవారి పీఠం. అగరుబత్తులు, మూడు కప్పుల టీ, ఆరెంజీలు. ఎర్రటి చంద్రవంక చెక్కలు రెండు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే అవును. రెండూ బోర్లా పడితే కాదు. రెండూ వెల్లకిలా పడితే అమ్మవారు నవ్వినట్టు.

వాన్‌ఫా మోకాళ్ల మీద కూర్చున్నాడు. పద్ధతి ప్రకారం పేరు, పుట్టిన తేదీ, ఇంటి నంబరు చెప్పాడు. అమ్మవారికి లుకాంగ్‌లో వాన్‌ఫాలు ఎంతమందో.

"అమ్మా, నేను ప్యాకెట్టు తినడం వల్లే తాళం చెవి పోయిందా?"

చెక్కలు వేశాడు. రెండూ వెల్లకిలా. నవ్వింది.

మళ్లీ అడిగాడు. నవ్వింది.

"ఇంకోటి కూడా ఉందమ్మా," అన్నాడు. "నూతన సంవత్సరం ముందు ప్యాకెట్టు కూడా నేనే తిన్నాను."

నవ్వింది.

"ఆగు," అంది షీ అమ్మ. "ప్రశ్నలో తేడా ఉంది. ఉన్నది ఉన్నట్టు అడగకపోతే అమ్మవారు ఇలాగే నవ్వుతుంది. ఇంకేం దాచావు వాన్‌ఫా?"

ఆయన వెతుక్కున్నాడు. నిజంగా లోపల వెతుక్కున్నాడు, పాపం. చిన్నప్పుడు దొంగిలించిన జామకాయ దాకా వెళ్లాడు. ఆ జామకాయ కూడా చెప్పేశాడు. చెక్కలు వేశాడు.

రెండూ వెల్లకిలా.

నాకు నవ్వు రాలేదు. అది రాసుకోవాలి. నాలుగుసార్లు పడ్డాయి, ఒక్కసారి కూడా రాలేదు.

నేను వెళ్లి ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చెక్కలు ఆయన చేతిలోంచి తీసుకున్నాను. "త్సాయ్ బీజూ," అన్నాను. పుట్టిన తేదీ చెప్పాను. ఇంటి నంబరు మర్చిపోయాను, ముప్పై ఏళ్లుగా ఉంటున్న ఇల్లు. షీ అమ్మ అందించింది.

"మార్చి ఇరవై ఐదున నేను తాళం చెవిని వెనక పోర్టులోంచి పీకి ముందు పోర్టులో గుచ్చాను. అన్నీ నడుస్తుండగానే పీకాను. సరదాకి. తర్వాత మళ్లీ వెనక పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. దాని వల్లేనా?"

ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా.

ముందు గదిలో కంప్యూటర్ ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడింది.

"సరదాకా?" అంది షీ అమ్మ.

"వాన్‌ఫా అన్న ప్యాకెట్టుకి దణ్ణం పెడుతుంటే చూడటానికి. పాత కంప్యూటర్ ఉన్నప్పట్నుంచీ. ఎనిమిదేళ్లు."

వాన్‌ఫా నా వైపు తిరిగాడు. కోపం లేదు. లెక్క తప్పిన పిల్లవాడి మొహం. "అమ్మవారు కరుణించి తాళం చెవి దొరికినప్పుడల్లా," అన్నాడు. "అది నువ్వా?"

"నేనే అన్నా."

ఆయన లేచి వెళ్లి గోడ వైపు నిలబడ్డాడు.

షీ అమ్మ నా చెంప మీద కొట్టింది. గట్టిగా కాదు, కానీ మాస్టారి ఉంగరం ఉన్న చెయ్యి. "నీకు చెలగాటం, వాడి బతుకు నీ కాళ్ల కింద," అంది. తర్వాత ఫోన్ తీసి నాకు ఇచ్చింది. "ఇప్పుడు అమ్మవారికి చెప్పినట్టే గావ్ గారికి చెప్పు. ఇంటి నంబరు అక్కర్లేదు."

చెప్పాను.

"ముప్పై ఏళ్లు ఫోన్లు బాగుచేశానమ్మా," అన్నాడు గావ్ గారు. "ఎవరింటికి వెళ్లినా, మేమేం చేయలేదండీ, అదే పోయింది, అనేవాళ్లు. వైరు కుక్క కొరికి ఉండేది. ఏం చేశానో చెప్పినది నువ్వొక్కతివే. సరే. నడుస్తుండగా పీకావు. ముందు పోర్టులో పెట్టేసరికి, అత్తకి అది కొత్త వస్తువు అయింది, తనే అందుకుంది. కోడలు నాది అంటోంది. వెనక పెట్టినా అత్త పిడికిలి విప్పలేదు, బిజీ అంటోంది. అంతే జరిగింది. కానీ బయటిది ఆపి వేస్తే అత్త అన్నీ మర్చిపోవాలే. మీరు ఆపి వేశామన్నారు కదా?"

నేను షీ అమ్మ వైపు చూశాను.

షీ అమ్మ పీఠం వైపు చూసింది. చెక్కలు ఇంకా నా చేతిలోనే ఉన్నాయి. వాటిని అడగలేదు. ఫోన్ దగ్గరికి వంగి, "ఆపలేదండి," అంది. "అబద్ధం చెప్పాను. మా ఆయన పెట్టిన కట్టుబాటు, మధ్యలో స్విచ్చి ఆపకూడదని."

"మీ ఆయన ఆ కట్టుబాటు పెట్టింది కుట్టు మెషీన్లకమ్మా. మధ్యలో కరెంటు పోతే దారం తెగి, కుట్టిన చోటు తప్పిపోతుందని."

"ఆయన ఎందుకని పెట్టాడో నాకు చెప్పలేదు," అంది షీ అమ్మ. "నేనూ అడగలేదు."

వెళ్లి కంప్యూటర్ ముందు నిలబడింది. గావ్ గారు వరస చెప్పాడు. ముందు లోపలిది మూయాలి. తర్వాత బయటిది ఆపాలి. తాళం చెవి తీసేయాలి. అరవై దాకా లెక్కపెట్టాలి. తాళం చెవి లేకుండానే బయటిది వేయాలి, తర్వాత లోపలిది. అప్పుడు మాత్రమే, వెనక పై పోర్టులో, తాళం చెవి.

మీట నొక్కేముందు షీ అమ్మ "ఏమండీ, ఆపుతున్నాను," అంది. గావ్ గారు తనతోనేమో అనుకుని "ఆపండి," అన్నాడు. ఆమె చెప్పింది మాస్టారికి.

తెర నల్లబడింది. పదహారు రోజుల తర్వాత ఆ గదిలో ఫ్యాను చప్పుడు లేదు. వాన్‌ఫా గోడ వైపు తిరిగే లెక్కపెట్టాడు, పైకి, అరవై దాకా.

తాళం చెవి ఎవరు పెట్టాలి అని షీ అమ్మ చుట్టూ చూసింది. నా వైపు చూడలేదు. వాన్‌ఫా వచ్చి పెట్టాడు.

చిన్న ఆకుపచ్చ లైటు. డిజైన్ తెరుచుకుంది, కుడి డ్రాగన్, ఆరో ముక్క.

వాన్‌ఫా చేతులు జోడించడానికి ఎత్తాడు. సగంలో ఆగి, దించేశాడు. తన మెషీన్ దగ్గర కూర్చుని, ఏడో సూది మార్చాడు.

ఏప్రిల్ 6, ఆదివారం

తొమ్మిది ముక్కలు, ఆరు రోజులు. ఆదివారం కూడా పని. నాతో మాట్లాడేది కుట్టు మెషీన్ ఒక్కటే.

ఏప్రిల్ 9, బుధవారం

మూడు మిగిలాయి. వాన్‌ఫా నన్ను దారం అడగాల్సి వస్తే షీ అమ్మకి చెబుతాడు, ఆవిడ నాకు చెబుతుంది. నాకు రెండడుగుల దూరంలో కూర్చుని.

ఆయన ప్యాకెట్టు కొనలేదు. నేను కొని పెట్టాను, ఆకుపచ్చది, గడువు డిసెంబరు దాకా. ఆయన చూశాడు. తీయలేదు, సరిచేయలేదు. వంకరగానే ఉంది.

ఏప్రిల్ 12, శనివారం

తెర వెళ్లింది. పద్నాలుగు ముక్కలూ కలిపి కుట్టిన చోటు నాకే కనబడలేదు. కార్యదర్శి వచ్చే ఏడాది అమ్మవారి పెద్ద గొడుగు కూడా మీరే కుట్టాలన్నాడు. షీ అమ్మ షట్టరు సంగతి ఎత్తలేదు. నా చెంప సంగతీ ఎత్తలేదు.

వాన్‌ఫా గుడిదాకా బండిలో వెళ్లాడు. నన్ను రమ్మనలేదు.

ఏప్రిల్ 14, సోమవారం

పొద్దున పదింటికి టీ తాగబోతే కప్పులో ఉప్పు. చిటికెడు కాదు, గుప్పెడు. అడుగున కరగకుండా పేరుకుని ఉంది. ఎంత వేయాలో కూడా తెలియదు మనిషికి.

వాన్‌ఫా మెషీన్ మీద వంగి ఉన్నాడు, దారం ఎక్కించిన సూదిలోకే మళ్లీ దారం ఎక్కిస్తున్నాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

మొత్తం తాగేశాను. కప్పు కింద పెట్టి, "టీ బాగుంది అన్నా," అన్నాను.

"ఇంకో కప్పు పొయ్యనా?" అన్నాడు.